స్వతంత్ర వికీలయందు ఆకరనిర్దేశము: దాని లాఘవచరిత్రము

ఒక విషయమును చెప్పినవాడు దానిని ఎచ్చట చూచి చెప్పెనో చదువరికి తెలియజేయుట ఆకరనిర్దేశము. దీనికి రెండంగములు గలవు. మూలగ్రంథ మేదియో చెప్పుట మొదటిది. ఆ గ్రంథములో ఆ మాట యున్న చోటు చూపుట రెండవది. మొదటిది మాత్రముండి రెండవది లేనిచో చదువరి వేయిపుటల పొత్తమును ఆద్యంతము వెదకవలసివచ్చును. రెండును లేనిచో చెప్పినవాని మాటనే నమ్మవలసివచ్చును. ఆప్తుని మాట ప్రమాణమని తార్కికులు అంగీకరించిరి. కాని వక్త యెవరో తెలియనిచోట ఆప్తత్వమును నిర్ణయించుటకు వీలులేదు. పెక్కుమంది కలసి, పేరులైనను తెలుపక, ఒకే వ్యాసమును వ్రాయుచు దిద్దుచునుండు వికీలయందు ఈ చిక్కు పూర్ణరూపము దాల్చినది. కావున వాటికి ఆకరనిర్దేశము ప్రాణమైనది. అట్లని యెల్లరు ఒప్పుకొన్న పిదపగూడ దానిని వ్రాయుటను సులభము చేయు యత్నము రెండు దశాబ్దములు సాగినది. వికీపీడియాకు వెలుపలనున్న స్వతంత్ర వికీలలో ఆ పని నేటికిని ముగియలేదు. ఆ చరిత్రమును క్రమముగా పరిశీలించుట ఈ వ్యాసమునకు విషయము.

పూర్వుల పద్ధతి

పాణిని తన అష్టాధ్యాయియందు ఆపిశలి, కాశ్యపుడు, గార్గ్యుడు, గాలవుడు, చాక్రవర్మణుడు, భారద్వాజుడు, శాకటాయనుడు, శాకల్యుడు, సేనకుడు, స్ఫోటాయనుడు అను పదుగురు పూర్వాచార్యులను పేరు పెట్టి స్మరించెను. ఇది మొదటి అంగము. రెండవ అంగమును ఆయన గ్రంథనిర్మాణమే సమకూర్చినది. అధ్యాయము లెనిమిది, అధ్యాయమునకు పాదములు నాలుగు, పాదమునందు సూత్రముల వరుస. మూడంకెలు చెప్పినచో ఇంచుమించు నాలుగువేల సూత్రములలో ఏదైనను చేతికందును. ఋగ్వేదమునకు మండల సూక్త ఋక్కుల విభాగమొకటియు, అష్టక అధ్యాయ వర్గముల విభాగమొకటియు గలవు. ఐరోపాలో రాబర్టు ఎస్టియెన్ అను ముద్రాపకుడు 1551లో బైబిలు క్రొత్తనిబంధనకు వాక్యసంఖ్యల నేర్పరచెను. ఆయన కుమారుడు హెన్రీ 1578లో అచ్చువేసిన ప్లేటో గ్రంథముల పుటసంఖ్యలనే నేటికిని పండితులు ఉదాహరించుచున్నారు. గ్రంథనిర్మాణమును బట్టి యిచ్చిన సంఖ్య అచ్చు మారినను చెడదు. ఒకానొక ముద్రణపు పుటనుబట్టి యిచ్చిన సంఖ్య ఆ ముద్రణము సర్వసమ్మతమైననే నిలుచును. ఈ భేదము ముందు మరల అక్కరకు వచ్చును.

మెదకు సీమయందలి కొలిచెలమకు చెందిన కోలాచల మల్లినాథసూరి మూలాధారము లేని మాటను తన వ్యాఖ్యలో వ్రాయనని ప్రతిజ్ఞ చేసెను. కోశములను, వ్యాకరణసూత్రములను, అలంకారగ్రంథములను ఆయన పదేపదే చూపుచు ఆ ప్రతిజ్ఞను చెల్లించుకొన్న తీరు కావ్యపాఠకులకు సుపరిచితము. కాకినాడ ఆంధ్రసాహిత్యపరిషత్తు 1936లో ప్రథమసంపుటముతో ఆరంభించిన సూర్యరాయాంధ్రనిఘంటువు శబ్దార్థములకు కవిప్రయోగములను ఆకరములతో చూపినది. అచ్చట గ్రంథనామములు పొడియక్షరములుగా కుదించబడినవి. ఆ పొడియక్షరముల వివరణము వేరొకచోట ఒక్కమారే యీయబడినది. ప్రతి ప్రయోగమునకును పూర్తి గ్రంథనామము వ్రాయవలసియుండినచో నిఘంటువు రెట్టింపగును, లేదా ఆకరములు లోపించును. పైయుదాహరణములవలన తేలునది యేమనగా, ఆకరనిర్దేశమునకు లాఘవము భూషణమాత్రము కాదు, నిలుచుటకు హేతువు. ఎంత మంచి నియమమైనను పాటించుటకు గౌరవమైనచో కొలదికాలమునకే విడువబడును.

వికీల పుట్టుక

వార్డు కన్నింగుహాము అను అమెరికా దేశీయుడు 1995 మార్చి 25వ తేదీన మొదటి వికీని లోకమునకు తెరచెను. సాఫ్టువేరు వ్రాయువారు తమ అనుభవములను పరస్పరము తెలుపుకొనుటకై యేర్పడిన తావు అది. 'వికీ' యన హవాయి భాషలో 'త్వరగా' అని యర్థము. పుట చూచినవా డెవడైనను అప్పుడే దిద్దవచ్చును; రెండు మాటలు కలిపి వ్రాసినంతనే క్రొత్త పుటకు లింకు ఏర్పడును. అందలి సౌలభ్యమంతయు వ్రాయుటకును, ఒక పుటనుండి మరియొక పుటకు పోవుటకును సంబంధించినది. వెలుపలి గ్రంథమును ప్రమాణముగా చూపుటకు ప్రత్యేకోపాయ మేదియు లేదు. పాల్గొనువారు ఒకే వృత్తివారు, చెప్పునది స్వానుభవము. కావున ఆ లోపము వారిని బాధింపలేదు.

జిమ్మీ వేల్సు, లారీ శాంగరులు 2000లో ఆరంభించిన న్యూపీడియాలో నిపుణులు పరిశీలించిన వ్యాసములే ప్రకటింపబడుచుండెను. ఆ పరిశీలనము మిక్కిలి దీర్ఘమగుటచే వ్యాసములు వేళ్లమీద లెక్కింపదగినన్నియే వెలువడినవి. దానికి తోడుగా 2001 జనవరి 15వ తేదీన వికీపీడియా వెలసినది. మొదట అది యూజ్‌మాడ్‌వికీ అను సాఫ్టువేరుపై నడచెను. 2002లో మాగ్నస్ మాన్స్కే వ్రాసిన క్రొత్త సాఫ్టువేరునకు మారినది. అదే సంవత్సరమున లీ డేనియల్ క్రాకరు దానిని తిరుగవ్రాసెను. దానికే తరువాత మీడియావికీ యని పేరు కలిగినది. న్యూపీడియాలో నిపుణుని యోగ్యత ఏ స్థానమున నుండెనో, వికీపీడియాలో ఆ స్థానమును ఆకరమే యాక్రమింపవలసివచ్చినది. సాఫ్టువేరు మాత్రము దానికి ఇంకను సిద్ధపడలేదు.

2005 మే నెలలో ఒకడు జాన్ సైగెంతాలరు అను వృద్ధ పత్రికారచయితను గూర్చి, ఆయన కెనడీ సోదరుల హత్యలయందు అనుమానింపబడెనని అసత్యము వ్రాసెను. దానికి ఆకర మేదియు చూపబడలేదు. అయినను ఆ వ్రాత నాలుగు మాసములకు పైగా అట్లే నిలిచినది. సైగెంతాలరు అదే సంవత్సరము నవంబరులో ఒక దినపత్రికయందు తన యావేదనను ప్రకటించినంతట లోకమునకు దాని ప్రమాదము తెలిసినది. ఆకరము లేని వాక్యము ఒక మనుష్యుని జీవితకీర్తిని చెరుపగలదని దీనివలన స్థిరపడినది.

అధోజ్ఞాపికల సంస్కారము

అంతకుముందు మీడియావికీలో అధోజ్ఞాపికలను వ్రాయు తీరు కష్టతరము. వ్యాసములో ఒక గుర్తు పెట్టి, పుట చివర దానికి సరిపోవు వేరొక గుర్తుతో ఆకరమును వ్రాయవలెను. మధ్యలో క్రొత్త జ్ఞాపిక చేరినచో క్రింది వరుసనుగూడ చేతితో సవరింపవలెను. ఇరువదిమంది దిద్దు పుటలో ఆ వరుస నిలుచుట దుర్లభము. 2005 సంవత్సరాంతమున ఐస్లాండు దేశీయుడైన ఏవర్ ఆర్న్‌ఫ్యోర్ద్ బ్యార్మసన్ వ్రాసిన 'సైట్' అను అనుబంధము ఈ చిక్కును తీర్చినది. వాక్యము ముగిసినచోటనే 'రెఫ్' అను చీటిలో ఆకరమును వ్రాయవచ్చును. సంఖ్యల నిచ్చుట, పుట చివర పట్టిక కూర్చుట యంత్రము పని. వాక్యము వేరొక పేరాకు పోయినను దాని ఆకరము దానితోడనే పోవును.

ఇందలి రెండవ గుణము చీటికి పేరు పెట్టుట. ఒకే గ్రంథమును పదిచోట్ల ఉదాహరింపవలసినప్పుడు మొదట ఒకచోట పూర్ణముగా వ్రాసి దానికొక పేరిడి, మిగిలినచోట్ల ఆ పేరు మాత్రము చెప్పినచో చాలును. వ్యాకరణమున సంజ్ఞాసూత్రము చేయు పని యిదియే. వృద్ధిసంజ్ఞను ఒకచోట విధించిన పిదప ఆకారమును, ఐకార ఔకారములను ప్రతిసూత్రమునందును పరిగణింప నక్కరలేదు గదా! అయితే సంజ్ఞావిధాయకమును తొలగించినచో సంజ్ఞ నిరర్థకమగునట్లు, మొదటి చీటిని ఎవడైనను తెలియక చెరిపినయెడల తక్కిన తొమ్మిదియు నిరాధారములై దోషసూచనములుగా కనబడును. ఈ దోషమును తగ్గించుటకు 2009లో ఆకరములనన్నిటిని పుట చివరనే నిర్వచించి పైన పేరులు మాత్రము వాడు మార్గముగూడ కల్పింపబడినది.

మూసలు, వాటి బరువు

చీటిలోపల ఏమి వ్రాయవలెనన్నది వేరొక ప్రశ్న. గ్రంథకర్త ముందా, గ్రంథనామము ముందా, సంవత్సర మెచ్చట, పుట ఎచ్చట అను విషయమున ఒక్కొక్కరు ఒక్కొక తీరున వ్రాయుచుండిరి. టెక్ అను అక్షరసంయోజన విధానమునకు తోడుగా 1985లో వెలసిన బిబ్‌టెక్ దీనికి సమాధానమును ముందే చూపియుండెను. కర్త, నామము, ప్రకాశకుడు, సంవత్సరము మున్నగు అంశములను వేర్వేరు గడులలో నుంచి, అచ్చులో కనబడు రూపమును వేరొక నియమావళికి విడుచుట దాని సారము. అంశము వేరు, రూపము వేరు అను ఈ వివేకమే వికీలలో ఆకరపు మూసలుగా పరిణమించినది. పుస్తకమునకొకటి, పత్రికకొకటి, వెబ్‌సైటునకొకటి చొప్పున మూసలు పుట్టినవి.

కాలక్రమమున ఈ మూసలు బరువెక్కినవి. వందలకొలది ఆకరములు గల వ్యాసమును సర్వరు సిద్ధపరచుటకు చాలసేపు పట్టుచుండెను. దానికై 2013లో లూవా అను భాషలో మాడ్యూళ్లు వ్రాయుటకు మీడియావికీలో వీలుకల్పింపబడినది. బ్రెజిలు దేశమున 1993లో పుట్టిన చిన్న భాష యిది. ఆకరపు మూసలు దీనిలోనికి మారుటతో వేగము హెచ్చినది. తేదీల తప్పులను పట్టుట, పుస్తకసంఖ్యల సరిపోలికను చూచుట మున్నగు పరీక్షలుగూడ చేరినవి. కాని వికీపీడియాకు మేలైన ఈ మార్పే స్వతంత్ర వికీలకు భారమైనది. ఏలయన, ఒక్క ఆకరపు మూసను తమ వికీకి తెచ్చుకొనవలెనన్నచో ముఖ్య మాడ్యూలుతోపాటు దాని విన్యాసమును, అనుమత గడుల పట్టికను, తేదీల పరీక్షను, గుర్తింపు సంఖ్యల మాడ్యూలును, వీటికి తోడైన మరికొన్నిటిని, శైలిపుటను సయితము తేవలెను. ఒకటి వదలినను మిగిలినవి పనిచేయవు.

యంత్రము వెదకిపెట్టు ఆకరములు

గడులను చేతితో నింపుటగూడ శ్రమయే. ఆ శ్రమను తగ్గించునది గుర్తింపు సంఖ్య. పుస్తకములకు ఐఎస్‌బిఎన్ అను సంఖ్య 1970లో అంతర్జాతీయ ప్రమాణమైనది. 2007నుండి అది పదుమూడంకెలది. పరిశోధనవ్యాసములకు డిఓఐ అను సంఖ్య గలదు. 2000లో ఏర్పడిన క్రాస్‌రెఫ్ అను సంస్థ పత్రికాప్రకాశకులలో దానిని వ్యాపింపజేసినది. పుటసంఖ్య ముద్రణతో మారును, వెబ్ చిరునామా స్థానముతో మారును. ఈ సంఖ్యలు వస్తువుతో నుండును. సూత్రసంఖ్యను గూర్చి పైని చెప్పిన న్యాయమే ఇచ్చటను వర్తించును.

జార్జి మేసన్ విశ్వవిద్యాలయపు చరిత్రకారులు 2006లో జొటెరో అను సాధనమును ప్రకటించిరి. వెబ్ పుటను చూచుచుండగానే కర్త, నామము, తేదీ మున్నగువానిని అది తానే యెత్తి పట్టికలో చేర్చును. ఒక్కొక్క గ్రంథాలయపు పట్టికకు, ఒక్కొక్క పత్రికకు తగిన చిన్న అనువాదకములు దానికి ప్రాణము. సేకరించిన ఆకరమును వికీపీడియా మూసరూపమున వెలువరించుటగూడ దానిచేత నగును. ఈ అనువాదకములనే సర్వరుపై నడిపి వికీమీడియావారు సిటాయిడ్ అను సేవను నిర్మించిరి. 2015 నాటికి వికీపీడియాలో వ్రాయువాడు చిరునామానో సంఖ్యనో ఒక గడిలో నుంచినంతనే మూస నిండి సిద్ధమగు స్థితి యేర్పడినది. పది నిమిషముల పని క్షణములోనికి దిగినది.

స్వతంత్ర వికీల స్థితి

మీడియావికీ స్వేచ్ఛాసాఫ్టువేరు కావున ఎవరైనను తమ సర్వరుపై నిలుపుకొనవచ్చును. సైట్ అనుబంధము 1.21వ వెలువరింపునుండి మూలసాఫ్టువేరుతోడనే లభించుచున్నది. 2020లో వచ్చిన 1.35వ వెలువరింపుతో దృశ్యసంపాదకముగూడ చేరినది. అంతకుముందు దానికై వేరొక సేవను నడుపవలసియుండెను. సిటాయిడ్ మాత్రము ప్రత్యేక సేవ. దాని వెనుక జొటెరో అనువాదకముల సేవ నడువవలెను. వికీలో ఏ జాతి ఆకరమునకు ఏ మూస, ఏ అంశమునకు ఏ గడి అను పట్టిక వ్రాయవలెను. ప్రతిమూసకును గడుల వివరణము కూర్చవలెను. అల్పవ్యయముతో సర్వరులో కొంచెము చోటు అద్దెకు తీసికొన్న చిన్న సంస్థకు ఇది అలవికాని పని.

ఇతర వికీసాఫ్టువేరులు వేర్వేరు దారులు త్రొక్కినవి. ఆండ్రియాస్ గోర్ 2004లో వెలువరించిన డోకువికీ పుటలను దత్తాంశకోశమున గాక సాధారణ ఫైళ్లలో నుంచును. జంట కుండలీకరణములలో వ్రాసినది దానియందు అధోజ్ఞాపిక యగును. మొయిన్‌మొయిన్, ఎక్స్‌వికీలు ఇదే పనికి మాక్రోల నేర్పరచినవి. అధోజ్ఞాపికను వ్రాయుట వీటిలో సులభమే. కాని ఆకరమును అంశములుగా విడదీసి యుంచుట, సంఖ్యనుబట్టి తెచ్చుట అను రెండును అనుబంధములపాలే. అనుబంధమును వ్రాసినవాడు దానిని విడిచినచో అది క్రొత్త వెలువరింపుతో పొసగదు.

ఇట్టి సంస్థలకు అఖిలగ్రంథములకు పనికివచ్చు పెద్దమూసకంటె ఏకాకరమైన చిన్నమూస మేలు. ఒక సాహిత్యసంస్థ శాసనములకై వికీ నేర్పరచుకొన్నదని తలచుదము. దానికి మాటిమాటికి అక్కరవచ్చునది 'దక్షిణభారత శాసనములు' అను గ్రంథమాల. 1948లో వెలువడిన దాని పదవ సంపుటము పూర్వపు మదరాసు రాజధానిలోని తెలుగు శాసనములకై కేటాయింపబడినది. ఈ గ్రంథమాలకు రెండే గడులు గల మూస చాలును: సంపుటసంఖ్య యొకటి, శాసనసంఖ్య యొకటి. ప్రకాశకుడు, సంవత్సరము, సంపాదకుడు అన్నియు మూసలోనే ఒక్కమారు వ్రాయబడియుండును. దీనికి లూవాగాని, వేరు సేవగాని అక్కరలేదు. ఒకచోట దిద్దినచో వేయిపుటలలో దిద్దబడును. నిఘంటువులోని పొడియక్షరములు చేసిన పనినే ఇది చేయుచున్నది.

తెలుగు గ్రంథములకు గల చిక్కులు

2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియా ఆకరపు మూసలను ఆంగ్లమునుండి గ్రహించినది. అందుచే మూడు చిక్కులు కలిగినవి. మొదటిది పేరు. ఆ మూసలలో 'చివరిపేరు', 'మొదటిపేరు' అను గడులు గలవు. తెలుగునాట ఇంటిపేరు ముందు వచ్చును. గిడుగు వేంకట రామమూర్తిగారి చివరిపేరు రామమూర్తి యని యంత్రము తలచినచో పట్టికలో ఆయన 'గ' కారమున గాక 'ర' కారమున చేరును. కర్తపేరును విడదీయక ఒకే గడిలో వ్రాయు వీలు మూసలలోను, జొటెరోలోను గలదు. దానిని వాడుట మేలు.

రెండవది కాలము. పూర్వపు ముద్రణములు పెక్కింటికి సంవత్సరనామము మాత్రమే యుండును. ప్రమోదూత యని యున్నచో అది 1870-71 కావచ్చును, 1930-31 కావచ్చును. అరువదియేండ్ల చక్రములో ఏ యావృత్తియో ముద్రాక్షరశాలను, పీఠికను బట్టి నిర్ణయింపవలెను. యంత్రపు తేదీపరీక్ష దీనిని దోషమని చూపును. తెలిసినవాడు నిర్ణయించి క్రైస్తవసంవత్సరముతోపాటు మూలములోని పేరునుగూడ నిలుపవలెను.

మూడవది గుర్తింపు. ఐఎస్‌బిఎన్ పుట్టుటకు ముందు అచ్చయిన తెలుగు పొత్తములకు అట్టి సంఖ్య సహజముగా లేదు. ఛాయాప్రతులు లభించు చోట్ల వాటి పేరులు తరచుగా రోమనులిపిలో, తప్పులతో నున్నవి. యంత్ర మెత్తినదానిని యథాతథముగా స్వీకరించినచో గ్రంథనామమే మారిపోవును. కావున పాతగ్రంథముల విషయమున ముఖపత్రమును కన్నులార చూచి వ్రాయుట తప్పదు. ఒక్కమారు సరిగా వ్రాసి దానిని చిన్నమూసగా నుంచినచో తరువాతివారికి ఆ శ్రమ తప్పును.

లాఘవమువలని దోషములు

సౌలభ్యముతో క్రొత్త దోషములుగూడ వచ్చినవి. దృశ్యసంపాదకము చీటిని మరల వాడునపుడు దానికి ':0', ':1' అను పేరులిడును. అవి అన్వర్థములు కావు. దిద్దువానికి వాటివలన ఏ గ్రంథమో తెలియదు. యంత్రము నింపిన గడులలో కర్తపేరునకు బదులు పత్రికపేరు వచ్చుట అరుదు కాదు. క్షణములో ఆకరము చేర్చగలుగుటచే చదువని గ్రంథమునుగూడ చేర్చు చాపల్యము పెరుగును. వికీలో నిరాధారముగా చేరిన మాటను ఒక రచయిత గ్రహించి ప్రకటించుట, ఆ ప్రకటననే తిరిగి వికీలో ఆకరముగా చూపుట అను దోషమునకు రాండల్ మన్రో అను చిత్రకారుడు 2011లో 'సైటోజెనిసిస్' అని పేరిడెను. శాస్త్రజ్ఞులకు ఇది క్రొత్త కాదు, అన్యోన్యాశ్రయమే. ఈ దోషమును ఏ మూసయు పట్టలేదు. రెండు ఆకరముల కాలములను పోల్చి, ఏది పూర్వమో విచారించు చదువరియే పట్టగలడు.

ఉపసంహారము

పై చరిత్రమువలన మూడు విషయములు తేలుచున్నవి. ఆకరము వాక్యముతో కలసియుండి, సంఖ్యావిన్యాసము యంత్రమునకు విడువబడిననాడే వికీలలో ఆకరనిర్దేశము వ్యాపించినది. అంశములను రూపమునుండి వేరుపరచుట మేలే కాని, ఆ యేర్పాటు దానిని మోయు సంస్థ శక్తికి మించరాదు. స్వతంత్ర వికీకి అధోజ్ఞాపికయు, తన రంగమునకు తగిన పది చిన్నమూసలును పెద్ద యంత్రముకంటె నుపకరించును. యంత్రము చోటు చూపగలదు గాని చూచినవాని స్థానమున నిలువజాలదు. ఒక శాసనమునో, ఒక ప్రయోగమునో ఆకరము లేక వికీలో చేర్చినవాడు కాలగతి నొందినచో అది యెచ్చటనుండి వచ్చినదో చెప్పువారుండరు. శిలయో తాళపత్రమో శిథిలమైన పిదప ఆ వాక్యము సత్యమైనను ప్రమాణము కానేరదు. అరనిమిషపు సౌలభ్యము లేక అట్టి వాక్యములు మిగిలిపోవుట గొప్ప నష్టము. కావున ఆకరమును వ్రాయుటను తేలిక చేయువారి శ్రమ సాఫ్టువేరు వారికి మాత్రము సంబంధించినది కాదు. గ్రంథపరిష్కర్తల శ్రమలో అదియు నొక భాగము.